రియర్ వీల్ డ్రైవ్ - మొదటి దశ

కారు కొనడానికి మనిషికి డబ్బూ, లైసెన్సూ, కాస్త పిచ్చీ ఉంటే చాలని అందరూ అనుకుంటారు. మా ఆఫీసులో పనిచేసేవాడికి ఇవి మూడూ ఉన్నా చాలదు. పైవారి అనుమతి కూడా ఉండాలి. నాకు డబ్బు బొటాబొటిగా ఉంది, లైసెన్సు నిక్షేపంలా ఉంది, పిచ్చి పుష్కలంగా ఉంది. అనుమతి కోసం అర్జీ పెట్టుకున్నాను. ఆ అర్జీ ఎడ్లబండ్ల దాకా ఎలా వెళ్లిందో చెబుతాను. నవ్వకండి మరి. ఇందులో నేను చేసిందల్లా సబ్జెక్టు లైను కురచగా రాయడమే.

నా పేరు పట్టాభి. కాకినాడలో సమగ్ర గ్రామీణ గమనాభివృద్ధి సంస్థలో సీనియర్ అసిస్టెంటుని. జనం గమనం ఆఫీసంటారు. ఆ ఆఫీసు ఏం చేస్తుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి మాకూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

పెళ్లైన కొత్తలో మా ఆవిడ మాణిక్యానికి మన్యం చూపిస్తానని స్కూటరు మీద బయల్దేరదీశాను. రంపచోడవరం దాటాక గుర్రంమెట్ట ఘాటు రోడ్డు వస్తుంది. రెండో మలుపులో స్కూటరు దగ్గింది, తుమ్మింది, ఇక నావల్ల కాదని కూలబడింది. వెదురు లారీ వాడెవడో జాలిపడి దాన్నీ మమ్మల్నీ ఎక్కించుకుని కిందకి దింపాడు. లారీ వెనకాల వెదురు బొంగుల మీద కొత్త పట్టుచీరలో కూర్చుని మా ఆవిడ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ బాకీ అంతా తర్వాత తీర్చుకుంది. నేను ఇంట్లో ఏ గొప్ప మాట అన్నా, "అవన్నీ తర్వాత. ముందు ఘాటు ఎక్కించండి చూద్దాం" అంటుంది. మేడ మీద ఇంకో గది వేద్దామన్నా అదే మాట. కాశీ తీసుకెళ్తానన్నా అదే మాట. మా వీధి సంఘానికి అధ్యక్షుడిగా నిలబడదామని నేను నలుగురినీ ఇంటికి పిలిచి ఉపన్యాసం దంచుతుంటే, వంటింట్లోంచి సరిగ్గా అదే మాట వినిపించింది. ఆ నలుగురూ కాఫీ తాగి వెళ్లి ఇంకొకరికి ఓటేశారు.

మనిషికి పౌరుషం ఉండదా? జుట్టంతా తెల్లబడ్డాక నేను ఒక నిర్ణయానికొచ్చాను. ఆ ఘాటు ఎక్కాలి. మామూలు కారులో కాదు, స్పోర్ట్స్ సెడాన్‌లో ఎక్కాలి. కొండ మనల్ని చూసి తప్పుకోవాలి. కొత్తది మన తాహతుకి అందదు కాబట్టి రాజమండ్రిలో సెకండ్ హ్యాండ్ కార్లమ్మే బుల్లబ్బాయి దగ్గరకి మా ఆవిడని వెంటబెట్టుకుని వెళ్లాను.

అతని దగ్గర ఒకే మోడలువి రెండున్నాయి. నీలంది రియర్ వీల్ డ్రైవ్, తెల్లది ఆల్ వీల్ డ్రైవ్.

"తేడా ఏటంటే చెప్తానండి," అన్నాడు బుల్లబ్బాయి, నీలం కారు నడ్డి మీద చెయ్యేసి. "దీనికి ఇంజిను బలం అంతా యెనక చక్రాలకే ఎల్తాదండి. ముందు చక్రాలు దారి చూసుకోటానికే. కాలు నొక్కేరంటే యెవరో ఈపు మీద చెయ్యేసి నెట్టినట్టుంటాదండి. తెల్లదానికి నాలుగు చక్రాలూ పన్జేస్తాయి. వానలోనైనా, ఘాటు మలుపులోనైనా జారదండి, పట్టుకుందంటే పట్టుకున్నట్టే. సరదా కావాలంటే నీలం, భద్రం కావాలంటే తెలుపు. ఆయ్, అంతేనండి."

రెండూ నడిపి చూశాను. తెల్లది పెద్దమనిషిలా వెళ్లింది. నీలందాన్ని గోదావరి గట్టు మీద ఒక్కసారి నొక్కి చూశాను. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. పెదాలు వాటంతటవే చెవుల దాకా సాగిపోయాయి. చిన్నప్పుడు ఉయ్యాల మీద కూర్చోబెట్టి మా అక్క వెనకనుంచి ఒక్క తోపు తోసినప్పుడు కలిగిన ఆనందం మళ్లీ అప్పుడే కలిగింది. ఇక చచ్చినా నీలందే అనుకున్నాను.

"తెల్లదే," అంది మాణిక్యం.

"అది కాదే, దీంట్లో వెనకనుంచి నెడుతుంది..."

"వెనకనుంచి నెట్టించుకోడానికి కారెందుకండీ, సిటీ బస్సెక్కితే చాలదూ? ఆ ఘాటు మీద వానొస్తే జారుతుంది. ఒకసారి దిగింది చాలు నాకు."

రాజమండ్రి నుంచి కాకినాడ దాకా బస్సులో ఇదే గొడవ. పక్క సీటు ఆయన తెలుపువైపు, కండక్టరు నీలంవైపు చేరారు. ఇంటికొచ్చేసరికి కూడా తేలలేదు. బుల్లబ్బాయి మాత్రం, "దసరా దాకా రెంటినీ ఆపుతానండి. ఆ తర్వాత అమలాపురం డాక్టరుగారొకరు కాచుకు కూర్చున్నారు, ఆయనకిచ్చేస్తాను," అని ముందే చెప్పేశాడు.

కారు ఏదైనా అనుమతి అనుమతే కదా, ముందు అది తెచ్చుకుందామని అర్జీ రాసి మా సూపరింటెండెంటు ఫణీంద్రంగారి ముందు పెట్టాను. ఆయన తొందరపడగా చూసినవాళ్లు ఆఫీసులో లేరు. కళ్లజోడు పైకి నెట్టి చదివి, "సబ్జెక్టు లైను ఇంత పొడుగెందుకయ్యా? పైవాళ్లు చదివేది అదొక్కటే. కొట్టెయ్, కొట్టెయ్," అన్నారు. కొట్టేశాను. సెకండ్ హ్యాండ్ పోయింది, స్పోర్ట్స్ సెడాన్ పోయింది, సొంత ఉపయోగార్థం పోయింది. చివరికి మిగిలింది ఇది: "విషయం: రియర్ వీల్ డ్రైవ్ లేదా ఆల్ వీల్ డ్రైవ్ - అనుమతి కోరుట - గురించి."

ఇక్కడ మా డైరెక్టరు వజ్రపాణిగారి గురించి చెప్పాలి. డ్రైవ్ అంటే ఆయనకి కారు నడపడం కాదు. కారు డ్రైవరు నడుపుతాడు. డ్రైవ్ అంటే బ్యానరు, టోపీలు, ర్యాలీ, ఫోటో. వచ్చిన కొత్తలో బీరువాల శుభ్రతా డ్రైవ్ పెట్టారు. తర్వాత చిరునవ్వుల డ్రైవ్ పెట్టారు. ఆ పక్షం రోజులూ ఎవరొచ్చినా నవ్వుతూ పలకరించాలని ఆర్డరు. మా వాచ్‌మన్ తండ్రి పోయాడని సెలవడగడానికొస్తే అతన్ని కూడా పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ పలకరించాం. అలాంటి మనిషి కంట్లో నా సబ్జెక్టు లైను పడింది.

పిలుపొచ్చింది. వెళ్లేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు.

"పట్టాభీ! ఈ సంస్థ పుట్టిన దగ్గర్నుంచీ అందరూ గమనం గమనం అన్నవాళ్లే. చక్రం గురించి ఒక్కడైనా ఆలోచించాడా? రియర్ వీల్ డ్రైవ్! ఆల్ వీల్ డ్రైవ్! ఎంత మౌలికమైన ప్రతిపాదన!"

"సార్, తమరు పొరబడ్డారు. అది నా సొంతానికండి..."

"సొంతం! అదీ మాటంటే! ఉద్యోగి పథకాన్ని సొంతం చేసుకోవాలని నేను నెత్తీ నోరూ కొట్టుకునేది ఇందుకే."

"కాదు సార్, రాజమండ్రిలో చూశానండి..."

"రాజమండ్రిలో అప్పుడే మొదలెట్టేశారా? అయితే మనం ఆలస్యం చెయ్యకూడదు. రేపే సమావేశం."

మర్నాటి సమావేశంలో నేను ఇంట్లో పడ్డ గొడవే పెద్ద బల్ల చుట్టూ జరిగింది. రియరా, ఆలా?

"అన్ని చక్రాలూ ఒకేసారి చేపడితే క్షేత్రస్థాయిలో పట్టు లభిస్తుంది సార్," అన్నారు సాంకేతిక సలహాదారు. మా ఆవిడ మాట్లాడుతున్నట్టే అనిపించింది.

"పట్టు లభిస్తుంది గానీ నిధులు లభించవు," అన్నారు అకౌంట్స్ ఆఫీసరు. "వెనక చక్రాలతో మొదలుపెడితే సగంతో పోతుంది."

వజ్రపాణిగారు రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేచారు. "ఖర్చు సంగతి అటుంచండి. న్యాయం ఆలోచించండి. బండి కొంటే ముందుకి దండ వేస్తాం. నిమ్మకాయ ముందు చక్రం కింద పెడతాం. కొబ్బరికాయ దాని ఎదురుగా కొడతాం. వెనక చక్రం మొహం ఎవరైనా చూశారా? ముందు చక్రం లేపిన దుమ్మంతా తింటూ, ఒక్క మాటనకుండా ఆ చక్రం వెనకాలే వస్తోంది. దాన్ని ఆదుకోవాల్సిన చారిత్రక బాధ్యత మన సంస్థ భుజస్కంధాల మీద ఉంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చెయ్యను? మొదటి దశలో రియర్ వీల్ డ్రైవ్, రెండో దశలో ఆల్ వీల్ డ్రైవ్ అని తీర్మానమైంది. "నిర్లక్ష్యమునకు గురైన వెనుక చక్రముల సర్వతోముఖాభివృద్ధి" అని మినిట్సులో రాశారు. నా అర్జీ మీదే ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. నోడల్ అధికారిగా నన్ను వేశారు.

బయటికొచ్చి ఫణీంద్రంగారి కాళ్ల మీద పడ్డంత పనిచేశాను. "ఇదంతా పొరపాటని ఒక నోట్ పెట్టేస్తానండి."

"పెడితే నీ అర్జీ వెనక్కి తీసుకున్నట్టవుతుంది. మళ్లీ మొదట్నించీ రావాలి. దసరా వెళ్లిపోతుంది, నీ కారూ వెళ్లిపోతుంది," అన్నారాయన నిదానంగా వక్కపొడి నోట్లో వేసుకుంటూ. "నోరుమూసుకుని డ్రైవ్ నడుపు. ఫైలు బతికుంటే ఏదో ఒక దారి దొరుకుతుంది."

ఇంటికెళ్లి మాణిక్యానికి చెప్పాను. ఆవిడ ముక్కున వేలేసుకుంది. "మీరు కారడిగితే వాళ్లు ఉద్యమం ఇచ్చారా? నేను చెప్పినట్టు తెల్లది ఒక్కటే రాసుంటే ఈ అవస్థ ఉండేదా? సరే, అదేదో కానిచ్చి ముందు ఘాటు ఎక్కించండి."

డ్రైవ్ మొదలైంది. ప్రతి వెనక చక్రాన్నీ పరిశీలించి, బాగుంటే "ధ్రువీకృత వెనుక చక్రం" అని పసుపు స్టిక్కరు అంటించాలి. సైకిళ్లూ ఆటోలూ సాఫీగా జరిగిపోయాయి. ఎడ్లబండి దగ్గర డ్రైవ్ ఆగింది. దానికున్నవి రెండే చక్రాలు, అవీ పక్కపక్కన. అవి ముందువా, వెనకవా? పిఠాపురం నుంచి మా ఫీల్డు అసిస్టెంటు సందేహం పంపాడు. డైరెక్టరుగారు రెండు రోజులు ఆలోచించి వివరణ ఇచ్చారు: "ఎద్దులను ముందు చక్రములుగా పరిగణించవలెను."

ఎద్దులు ఏమీ అనలేదు. కుమ్మరి సారె దగ్గర మాత్రం మాటామాటా అయింది. "గుండ్రంగా తిరిగేదానికి యెనకేటండీ బాబూ?" అని ఆ పెద్దాయన మా వాడిని నిలదీశాడు. కుమ్మరి కూర్చున్న వైపు ముందు, ఎదుటివైపు వెనక అని వివరణ వెళ్లింది. సారె తిరిగినప్పుడల్లా స్టిక్కరు ముందుకొచ్చేస్తోందని మళ్లీ ఫిర్యాదొచ్చింది. స్టిక్కరు వెనకవైపు ఉన్న క్షణంలో ఫోటో తీసుకుని కేసు ముగించమన్నాం. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్‌ని పరిశీలించడానికి వెళ్లిన ఉద్యోగి, వెనక ఎక్కడో తేల్చేదాకా దిగనని అందులోనే కూర్చున్నాడు. చివరికి తేల్చకుండానే వాంతులు చేసుకుంటూ దిగాడు. ఇక ఒక ఊళ్లో రథానికి వెనక చక్రాలు చూసి స్టిక్కర్లు అంటించి వచ్చాం. తిరుగు ప్రయాణంలో రథాన్ని అటునుంచి లాగేసరికి ధ్రువీకృత వెనక చక్రాలు ముందుకొచ్చాయి. దేవుడి విషయం కాబట్టి మేం చూడనట్టు ఊరుకున్నాం.

తర్వాత టార్గెట్లొచ్చాయి. ఎవరి టార్గెట్టు వాళ్లు పూర్తిచెయ్యకపోతే ఇంక్రిమెంటు ఆగుతుందన్నారు. సైకిలుకి వెనక చక్రం ఒక్కటే కదా. మా వాళ్లు తెలివైనవాళ్లు. వెనక చక్రానికి ఒక స్టిక్కరు వేసి, సైకిలుని ఇటునుంచి అటు తిప్పి నిలబెట్టి, ఇప్పుడు వెనకున్నదానికి ఇంకొకటి వేశారు. జిల్లాలో ముందు చక్రాలకంటే వెనక చక్రాలు ఎక్కువున్నట్టు లెక్క తేలింది. డైరెక్టరుగారు దాన్ని "వెనుక చక్రాల జనాభాలో ఆశాజనక వృద్ధి" అన్నారు.

నేనూ నా వంతు కోసం బుల్లబ్బాయి దగ్గరకే వెళ్లాను. అతని షెడ్డులో ఉన్న కార్లన్నిటికీ వెనక చక్రాలకి అంటించాను. నీలం కారు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అంత అందమైన చక్రానికి పసుపు కాగితం అంటించాలంటే ప్రాణం ఉసూరుమంది. అయినా అంటించాను. పని పనే కదా.

ఒకరోజు డైరెక్టరుగారు నన్ను కూర్చోబెట్టి అదనపు నిబంధన చెప్పి రాయించారు. "ధ్రువీకరణ పొందని చక్రము, ధ్రువీకరణ పొందిన చక్రమునకు ముందుగా నడవరాదు. రాసుకున్నావా? లేకపోతే ధ్రువీకరణకి విలువేముంటుంది? చూసేవాళ్లేమనుకుంటారు?"

"సార్, అలాగైతే బళ్లేవీ నడవవండీ," అన్నాను, ధైర్యం చేసి.

"అందరికీ పెట్టొద్దు. ముందు మన ఉద్యోగుల సొంత వాహనాలకే వర్తింపజేద్దాం, ఆదర్శంగా ఉంటుంది. పైగా మనకున్న గేటు కూడా ఒక్కటే కదా, ఆ గుర్రంమెట్ట ఘాటు కింద."

ఆ గేటు మా సంస్థ ఎప్పుడో కట్టించి మరిచిపోయింది. మా వాళ్లలో ఒక్కడికీ కారు లేదు. ఉన్నా మన్యంలో ఎవరికేం పని? ఎవరికీ తగలని రూలు మంచి రూలే అనుకున్నాను. నోడల్ అధికారిగా కింద సంతకం కూడా చేశాను.

దసరా దగ్గర పడుతుంటే వజ్రపాణిగారికి రాజమండ్రిలో డ్రైవ్ ఎలా ఉందో చూడాలనిపించింది. నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. బుల్లబ్బాయి షెడ్డు ముందు పసుపు స్టిక్కర్ల వరస చూసి జీపు ఆపించి దిగారు. బుల్లబ్బాయి పరుగెత్తుకొచ్చి, కొనేవాళ్లనుకుని తెల్లకారు తలుపు తీశాడు.

"రండి బాబూ రండి. ఆల్ వీల్ డ్రైవ్ అండి ఇది!"

డైరెక్టరుగారి కళ్లు చెమ్మగిల్లాయి. నా భుజం గట్టిగా పట్టుకున్నారు. "విన్నావా పట్టాభీ! రెండో దశ మనం ఇంకా ప్రకటించనే లేదు. బజార్లో సామాన్యుడి నోట వినిపిస్తోంది. ఇదీ ప్రజా స్పందనంటే!"

బుల్లబ్బాయి నావైపు అయోమయంగా చూశాడు. నేను ఆకాశంవైపు చూశాను.

రెండో దశకి ప్రచారవాహనం కావాలని, అది ఇదే కావాలని డైరెక్టరుగారు అక్కడికక్కడే తేల్చేశారు. మూడోనాటికి తెల్లకారు మా ఆఫీసు ముందు బ్యానరు కట్టుకుని నిలబడింది. ఆయనకి దేనికీ అనుమతి అక్కర్లేదు, అనుమతిచ్చేది ఆయనే. నాకు కడుపు మండిపోయింది. చూసుకున్నది నేను, నడిపి చూసుకున్నది నేను, మా ఆవిడ మనసు పడ్డ కారులో తిరిగేది ఈయన! అదే రోజు బుల్లబ్బాయి ఫోను. "దసరా వచ్చేసిందండి, నీలంది డాక్టరుగారు రేపొచ్చి పట్టికెళ్లిపోతానంటన్నారండి. మీరేటి చేస్తారో ఇవాళే చెప్పేయండి. తర్వాత నన్ననొద్దు."

ఫణీంద్రంగారి బల్ల ముందు కూలబడ్డాను. ఏడుపొక్కటే తక్కువ. "ఇక ఈ జన్మకి ఘాటు లేదండి నాకు. మా ఆవిడ మాట పడుతూ ఇలాగే పోతాను."

ఆయన నావైపు చూశారు, ఫైలువైపు చూశారు, మళ్లీ నావైపు చూశారు. "ఏమయ్యా, నీకు అనుమతి రాలేదని ఎవరు చెప్పారు?"

"వచ్చిందా? ఎప్పుడు?"

"డ్రైవ్‌కి అనుమతి వచ్చిన రోజునే. చదువు. విషయం: రియర్ వీల్ డ్రైవ్ లేదా ఆల్ వీల్ డ్రైవ్, అనుమతి కోరుట. కోరినదెవరు? నువ్వు. కింద ఏముంది? రియర్ వీల్ డ్రైవ్‌కు అనుమతించడమైనది, ఆల్ వీల్ డ్రైవ్ రెండో దశలో పరిశీలించబడును. ఫైలు అదే, సంతకం అదే. ఇన్నాళ్లూ ఎందుకు కొనలేదా అని నేననుకుంటూనే ఉన్నాను."

"అనుకుంటే చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు అడిగావా?"

ఆయన్ని కౌగిలించుకోవాలో కొట్టాలో తెలీలేదు. రెండూ మానేసి రాజమండ్రి బస్సెక్కాను. మర్నాడు డాక్టరుగారు వచ్చేసరికి నీలం కారు మా ఇంటి ముందుంది. మాణిక్యం దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "తెల్లది కాదన్నమాట," అంది. గవర్నమెంటు రియర్ వీల్‌కే అనుమతిచ్చింది, నేనేం చెయ్యనన్నాను. జీవితంలో మొదటిసారి ప్రభుత్వం నా పక్షాన నిలబడింది. ఆవిడ మూతి ముడుచుకుంది గానీ, లోపలికెళ్లి పట్టుచీర కట్టుకుని వచ్చింది. అదే చీర, వెదురు లారీ చీర! ఇన్నేళ్లూ దాచుంచిందని నాకు తెలీదు. ఆవిడ కోసం తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిడ ఎక్కాక కారు తీశాను.

రంపచోడవరం దాకా ఆ కారు నన్ను వెనకనుంచి నెడుతూనే ఉంది, నేను నవ్వుతూనే ఉన్నాను. మా ఆవిడ రెండుసార్లు "నెమ్మది" అని, మూడోసారి అనడం మరిచిపోయి కిటికీ అద్దం దించింది. ఘాటు మొదలయ్యే చోట గేటు కనిపించింది. దానికి అడ్డంగా వెదురు బొంగు, పక్కన షెడ్డు, షెడ్డులోంచి టోపీ సర్దుకుంటూ సోమిరెడ్డి. మా సంస్థ కాంట్రాక్టు మీద వేసుకున్న గేటు మనిషి. కారు చుట్టూ తిరిగి చక్రాలు చూశాడు.

"అయ్యగోరు మన ఆపీసోరేనా అండి?"

"మన ఆఫీసేమిటయ్యా, నోడల్ అధికారిని నేనే," అన్నాను దర్జాగా.

సోమిరెడ్డి సెల్యూట్ కొట్టాడు. బొంగు మాత్రం ఎత్తలేదు. "మరైతే తమరికి నాను సెప్పక్కర్లేదండి. యెనక సక్రాలకి పసుపు కాయితం ఉంది, ముందాటికి లేదు. కాయితం లేని సక్రం ముందు నడవకూడదండి. మన ఉజ్జోగస్తులకి రూలండి. కింద తమరి సంతకమే ఉంది, చూడండి."

చూశాను. నా సంతకమే. కాస్త గర్వంగా వంకర తిప్పి మరీ పెట్టాను.

"పోనీ ముందు చక్రాలకి కూడా ఒక స్టిక్కరు పడెయ్."

"రెండో దశ కాయితాలు ఇంకా అచ్చవ్వలేదంటండి."

"మరి డైరెక్టరుగారి తెల్లకారు నిన్న వచ్చిందిగా?"

"గేటుకాడ పోటో దిగి, ఇట్నుంచిటే తిరిగి ఎల్లిపోనారండి."

ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. సోమిరెడ్డి బొంగెత్తాడు, అది దర్జాగా ఘాటెక్కిపోయింది. వెదురు కోసం వెళ్తున్న ఖాళీ లారీ. ఆ వెనకే ఇద్దరు మనుషులూ, రెండు మేకలూ ఉన్న ఆటో వెళ్లింది. బొంగు మళ్లీ నా ముందు దిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. కేకలేశాను, బతిమాలాను, పైవాళ్లకి ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. పక్కకి తిరిగి చూస్తే మాణిక్యం ఏమీ అనడం లేదు. ఆ మౌనం నాకు తెలుసు. ఇంతకుముందు ఒకసారి లారీలో విన్నాను.

"పద, వెనక్కి వెళ్లిపోదాం," అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో నాకే తెలుసు.

"ఉండండి," అంది ఆవిడ. కిటికీలోంచి తల బయటపెట్టి, "బాబూ, ఆ కాగితం ఉన్న చక్రాలు ముందు నడిస్తే మీకేం అభ్యంతరం లేదుగా?"

సోమిరెడ్డి ఆర్డరు తీసి, వేలు పెట్టి, మొత్తం చదివాడు. "లేదండమ్మగోరూ."

ఆవిడ నావైపు తిరిగింది. "తిప్పండి కారు."

తిప్పాను. తోక కొండవైపు, మొహం ఊరివైపు. రివర్స్ గేర్ వేశాను. సోమిరెడ్డి బొంగెత్తి, ఈల నోట్లో పెట్టుకుని, కారు తోక ముందు నడుస్తూ దారి చూపించాడు. "రైటో, రైటో, ఎడమకి కొయ్యండి, సాలు సాలు!" నన్ను వెనకనుంచి నెట్టడానికని ముచ్చటపడి తెచ్చుకున్న చక్రాలు ఇప్పుడు ముందుండి పైకి లాగుతున్నాయి. మెడ తిప్పి చూసీ చూసీ నా తల ప్రాణం తోకకొచ్చింది. దిగే బస్సుల్లో జనం కిటికీల్లోంచి తొంగి చూసి, మేం దిగుతున్నామో ఎక్కుతున్నామో తెలీక వాదించుకున్నారు. రెండో మలుపు వచ్చింది. స్కూటరు కూలబడ్డ చోటు. కారు ఆగలేదు.

మాణిక్యానికి మాత్రం ఏ కష్టమూ లేదు. తీరిగ్గా ముందు అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. కింద అడవి, వాగు, రంపచోడవరం వైపు పొగమంచు, అన్నీ కొంచెం కొంచెంగా దూరమవుతున్నాయి.

"అప్పుడు కొండని చూస్తూ దిగాం," అంది మెల్లగా. "ఇప్పుడు ఊరిని చూస్తూ ఎక్కుతున్నాం. బాగుందండీ."

ఆ ఒక్క మాటకి నా మెడనొప్పి మాయమైపోయింది.

పైన చదును మీద ఆపి, దిగి, ఇద్దరం బొంగు చికెన్ తిన్నాం. సోమిరెడ్డికి కూడా పెట్టించాం, పాపం నడిచే వచ్చాడు. చేతులు కడుక్కుని, ఛాతీ విరుచుకుని మా ఆవిడ ముందు నిలబడ్డాను. ఎన్నేళ్లుగానో దాచుకున్న ప్రశ్న.

"ఎక్కించానా, లేదా?"

"ఎక్కించారు. నేను కాదనలేదే," అంది, పట్టుచీర చెంగుతో మూతి తుడుచుకుంటూ. "ఈసారి ముందుకి ఎక్కించండి చూద్దాం."

సోమవారం ఆఫీసు తలుపులు తీసేసరికి ఫణీంద్రంగారి బల్ల మీద నా నోట్ ఉంది. విషయం: ఆల్ వీల్ డ్రైవ్ - రెండో దశ - తక్షణమే ప్రారంభించుట - గురించి.